ముహూర్తాన పడ్డ మనిషి

మా రాజుగారు ముహూర్తం చూడకుండా చేసిన పని ఒక్కటే, పుట్టడం. అది తన చేతిలో లేకపోయిందని ఇప్పటికీ బాధపడుతూ ఉంటారు. మిగిలినవన్నీ, అంటే ఫ్యాక్టరీ పెట్టడం, బోరు వేయించడం, మీసం తీయించుకోవడం, పుచ్చిపోయిన పన్ను పీకించుకోవడం, అన్నీ సిద్ధాంతి గారు చెప్పిన ఘడియల్లోనే జరిగాయి. పన్ను కోసం ఆరు రోజులు ఆగవలసి వచ్చింది. ఆ ఆరు రోజులూ మేమందరం తిట్లు తిన్నాం.

నేను ఆ ఫ్యాక్టరీలో గుమస్తాని. కోనసీమలో కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసి తాళ్లు, పట్టాలు చేసే ఫ్యాక్టరీ అది. నలభై మంది పనివాళ్లు. ఇరవై తొమ్మిదేళ్లుగా హాజరు పుస్తకం, జీతాల పుస్తకం, ప్రమాదాల రిజిస్టరు నా చేతి రాతే. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ నా దస్తూరీ మెచ్చుకునే వెళ్లాడు. నా రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత ఉండదు. ఈ గొప్ప నేను పదిమందికీ చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

పనివాడికి పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలని చట్టం. ఆ చట్టం యజమాని జేబు దాకా రాకుండా ఉండటానికి బీమా. పదేళ్లుగా మాకు ఒక కంపెనీ బీమా ఉండేది. నిరుడు రాజుగారి బావమరిది ఇంకో కంపెనీకి ఏజెంటు అయ్యాడు కాబట్టి, మాకు ఉన్నట్టుండి ఆ కంపెనీ బాగా నచ్చింది. పాత బీమా ఫలానా తేదీ అర్ధరాత్రికి ముగుస్తుందని, ఆ నిమిషం నుంచే కొత్తది మొదలవుతుందని బావమరిది చెప్పాడు. రాజుగారు ఒప్పుకోలేదు. అర్ధరాత్రి పని మొదలుపెట్టేవాళ్లు దొంగలేనన్నారు. సిద్ధాంతి గారు పంచాంగం తిరగేసి గురువారం పగలు పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు ముహూర్తం పెట్టారు. కొత్తది లోపలికి వచ్చే వేళకు పాతది గుమ్మం దాటి ఉండాలని కూడా చెప్పారు.

పాతది ఆ నిమిషానికి ముగియాలని, కొత్తది అదే నిమిషానికి మొదలవ్వాలని రెండు కంపెనీలకూ ఉత్తరాలు రాశాను. వాళ్లు నవ్వుతారనుకున్నాను గాని, నవ్వలేదు. వాళ్ల ఫారాల్లో తేదీ పక్కన గంటలు, నిమిషాలు అని రెండు గళ్లు ఉన్నాయట. కంపెనీ పెట్టిన నాటి నుంచి వాటిని నింపినవాడు లేడట. రెండు కంపెనీలూ సంతోషంగా నింపి, ముద్ర వేసి పంపాయి.

గురువారం వచ్చింది. షెడ్డు గుమ్మానికి మామిడి తోరణం కట్టాలి. దానికి గుబ్బల తాతారావుని పిలిచారు. తాతారావు మా దగ్గర చేరి అప్పటికి ఎనిమిది నెలలు. అంతకుముందు ఇరవై రెండేళ్లు కొబ్బరి దింపు తీసేవాడు. రోజుకు నలభై చెట్లు ఎక్కి కాయలు దింపిన మనిషి, ఒక్కనాడూ జారలేదు. వయసు మీద పడుతోంది, ఇక నేల మీద పని చూసుకోమని భార్య వీరవేణి పోరు పెట్టగా మా ఫ్యాక్టరీలో చేరాడు. ఎత్తులు అలవాటున్న మనిషి కదా అని మేము అతన్ని మళ్లీ పైకి ఎక్కించాం. నిచ్చెన ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవలసినవాడి చేతిలో ఆ సమయానికి హారతి పళ్లెం ఉంది.

సిద్ధాంతి గారు గడియారం చూస్తూ చెయ్యి ఎత్తారు, దించారు. రాజుగారు కొబ్బరికాయ కొట్టారు. నిచ్చెన జారింది. కాయ పగిలిన చప్పుడు, తాతారావు పడిన చప్పుడు కలిసిపోయి మా చెవులకు ఒక్కటిగా వినిపించాయి. కాయ సమంగా రెండు చెక్కలైందని రాజుగారు ముందు సంతోషించి, తర్వాత వెనక్కి తిరిగి చూశారు.

తాతారావు కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. అతన్ని ఆటోలో పడుకోబెట్టడానికి వీలు కాక అంబులెన్సుకి ఫోన్ చేశాం. అది వచ్చేలోగా నేను నా ధర్మం నిర్వర్తించాను. ప్రమాదాల రిజిస్టరు తీసి, పేరు, వయసు, తగిలిన దెబ్బ వివరంగా రాశాను. సమయం అన్న గడి దగ్గర ఆగాను. ఎదురుగా బల్ల మీద ముహూర్తపు కాగితం ఉంది, పసుపు అంచులతో. ఏ మనిషీ ఏ ఫ్యాక్టరీలోనూ రాసి ఉండని మాట నేను గుండ్రటి అక్షరాలతో రాశాను: సరిగ్గా శుభముహూర్తమున.

పట్నంలో ఆసుపత్రి డాక్టరు అప్పటికి కాలికి బయట నుంచి కడ్డీలు బిగించారు. వాపు తగ్గాక లోపల ప్లేటు వేసి ఎముక సరిచేయాలని, అది ఆరు వారాల్లోపు జరగాలని చెప్పారు. ఆలస్యమైతే ఎముక తనకు తోచిన వంకరలో అతుక్కుంటుంది, కాలు పొట్టిదవుతుంది, ఆ తర్వాత ఈ మనిషి చెట్టు మాట అటుంచి గట్టు కూడా ఎక్కలేడు. ఆపరేషనుకి బీమా కంపెనీ అనుమతి కాగితం తెమ్మన్నారు. ఏ కంపెనీ నుంచండీ అని వీరవేణి నన్ను అడిగింది. కంగారు పడకమ్మా, మనకు రెండు ఉన్నాయి అని ధైర్యం చెప్పాను.

ముందుగా పాత కంపెనీ వారు దయచేశారు. వచ్చినాయన పేరు చక్రపాణి, క్లెయిముల నిర్ణయాధికారి. మంచం దగ్గర నిలబడి కడ్డీల వైపు ఓసారి, నా రిజిస్టరు వైపు పదిసార్లు చూశారు. తర్వాత తాతారావుకి కాకుండా గోడకి చెబుతున్నట్టు చెప్పారు.

"మా రక్షణ పరిధిలో సదరు కార్మికుడు జారినమాట వాస్తవమే కావచ్చు. జారుట గాయము కాదు. మా బాధ్యత ముగిసిన క్షణమున సదరు కార్మికుడు గాలిలో, రెండు కాళ్లతో, సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నాడు. ఆ సుస్థితిలోనే మేము అతనిని తదుపరి కంపెనీకి అప్పగించితిమి."

అప్పగింత అంత సవ్యంగా జరిగిందని మాకు అప్పటిదాకా తెలియదు. తాతారావు అన్నీ విని, "అయితే నాకేం అవలేదంటారాండి?" అని అడిగాడు. తమ వరకు ఏమీ అవలేదని చక్రపాణి గారు అభినందించి వెళ్లారు.

మర్నాడు కొత్త కంపెనీ వారు వచ్చారు. ఫణిభూషణ్ అని, కుర్రవాడే గాని చాలా గంభీరంగా ఉంటాడు. తమ కంపెనీ నిలబడి ఉన్న పనివాళ్లకు బీమా చేస్తుందని, తమ చేతికి వచ్చేసరికే ఈయన పడుతూ ఉన్నాడని అన్నాడు. పడుతూ ఉండటం అనేది ముందు నుంచి ఉన్న లోపం. అలాంటి లోపం ఉన్న పనివాడు ఎవరైనా ఉన్నారా అని దరఖాస్తులో పద్నాలుగో ప్రశ్న అడిగితే, లేరని నేను రాశాను. ఎందుకు దాచారని నన్ను నిలదీశాడు. దరఖాస్తు నింపింది మంగళవారమని, మంగళవారం తాతారావు నిలబడే ఉన్నాడని చెప్పాను. ఫణిభూషణ్ పుస్తకంలో, గుమస్తా తడబడెను, అని రాసుకున్నాడు.

అప్పటి నుంచి రెండు కంపెనీల మధ్య ఉత్తరాలు మొదలయ్యాయి. ప్రతి ఉత్తరం మొదటి వాక్యం ఒకటే: మా హక్కులకు ఎట్టి భంగమూ లేకుండా తెలియజేయునది ఏమనగా. అందరి హక్కులూ భద్రంగా ఉన్నాయి. భంగం జరిగింది కాలికి ఒక్కదానికే.

మధ్యలో అంబులెన్సు గొడవ ఒకటి వచ్చింది. పాత కంపెనీలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, మనిషి దెబ్బతిన్నాడన్న కాగితం చూసి, అంబులెన్సు కిరాయి పద్దెనిమిది వందలు పంపేసింది. ఇది చూసి కొత్త కంపెనీ ఎగిరి గంతేసింది. కిరాయి ఇచ్చారంటే ప్రమాదం మీదేనని ఒప్పుకున్నట్టే అంది. పాత కంపెనీ ఆ అమ్మాయిని ఇంకో ఊరికి బదిలీ చేసి, ఆ పద్దెనిమిది వందలు మీరు మాకు తిరిగి చెల్లించండని కొత్త కంపెనీకి రాసింది. చెల్లిస్తే తాము ఒప్పుకున్నట్టవుతుందని కొత్త కంపెనీ చెల్లించలేదు. చివరికి రెండు కంపెనీలూ ఒక సగౌరవమైన ఒప్పందానికి వచ్చాయి. సదరు ప్రయాణం జరగనట్టే ఉభయులూ భావించాలి. ఆ లెక్కన తాతారావు ఇంకా మా షెడ్డు గుమ్మం దగ్గరే పడి ఉన్నాడు.

మూడు వారాలు గడిచాయి. ఆసుపత్రి వాళ్లు మంచం ఖాళీ చేయించి ఇంటికి పంపేశారు. రాజుగారు డబ్బు పెట్టి ఆపరేషను చేయించడానికి సిద్ధపడ్డారని నేను ప్రమాణం చేసి చెప్పగలను. అయితే ఆయన ప్లీడరు అడ్డుపడ్డాడు. యజమాని రూపాయి ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు, అప్పుడు ఏ కంపెనీ నుంచీ ఆ రూపాయి తిరిగి రాదు అన్నాడు. ఏం ఇస్తే ఒప్పుకున్నట్టు కాదని రాజుగారు అడిగారు. ప్లీడరు ఆలోచించి, కొబ్బరి బొండాలు అన్నాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం తాతారావు ఇంటికి అరడజను బొండాలు వెళ్లేవి. ఇరవై రెండేళ్లు బొండాలు దింపి లోకానికి తాగించిన మనిషి కదా, వాటిని చూసి ముఖం తిప్పుకునేవాడు.

ఒకరోజు వీరవేణి ఫ్యాక్టరీకి వచ్చింది. నా బల్ల ముందు కూర్చోమన్నా కూర్చోలేదు.

"పదకొండు నలభై అని రాసెయ్యండి గుమస్తా గారూ. పోనీ నలభై అయిదని రాసెయ్యండి. ఎవరో ఒకరి వైపు తోసెయ్యండి మావోణ్ణి. మధ్యలో ఉంచకండి."

అది తప్పని చెప్పాను. ప్రమాదాల రిజిస్టరులో కొట్టివేత ఉండకూడదని, దిద్దితే నేరమని, ఇరవై తొమ్మిదేళ్లలో తాను ఒక్క అక్షరం దిద్దలేదని ఈ మహానుభావుడు ఆవిడకి ఉపన్యాసం ఇచ్చాడు. ఆవిడ వెళ్లిపోయింది. ఆ వారమంతా రిజిస్టరులో నేను రాసిన మాటే తలచుకున్నాను. నిజానికి ఆ మాట సమయమే కాదు. అదొక అలంకారం. మనిషి నేల మీద పడి మూలుగుతుంటే నేను పక్కన కూర్చుని చేసిన అలంకారం. దిద్దాలని నిర్ణయించుకుని సోమవారం పొద్దున్నే వెళ్లి బీరువా తీశాను. తాతారావు పెట్టుకున్న పరిహారం దరఖాస్తు మీద, శనివారం సాయంత్రమే నష్టపరిహార కమిషనరు గారి మనుషులు వచ్చి రిజిస్టరుకి లక్క ముద్ర వేసి పట్టుకుపోయారట. రెండు రోజుల ముందు నాకు బుద్ధి వచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

కమిషనరు గారు చాలా నిదానస్తులు, న్యాయం తెలిసినవారు. ఈ కేసులో మూల ప్రశ్న ముహూర్తం ఎప్పుడు వచ్చింది అన్నదే అని తేల్చారు. కాబట్టి నిపుణుణ్ణి పిలిపించారు. నిపుణుడంటే మా సిద్ధాంతి గారే. ఆయన శాలువా కప్పుకుని వచ్చి, శుభముహూర్తంలో అశుభం జరగదని, అశుభం జరిగింది కాబట్టి తాతారావు జారే వేళకు ముహూర్తం ఇంకా రాలేదని ప్రమాణపూర్వకంగా చెప్పారు. కొత్త కంపెనీ ప్లీడరు లేచి నమస్కారం పెట్టాడు.

పాత కంపెనీ ఊరుకుంటుందా? కాకినాడ నుంచి ఇంకో సిద్ధాంతి గారిని కారులో తెచ్చింది. ఆయన శాలువా ఇంకా పెద్దది. ఈ జాతకుడు ఆ రోజు చావవలసినవాడని, చావకుండా కాలు ఒక్కటే విరిగిందంటే అది ముహూర్త బలమేనని, కాబట్టి పడే వేళకు ముహూర్తం వచ్చేసిందని ఆయన సెలవిచ్చారు. ఇద్దరు సిద్ధాంతులూ కోర్టు వరండాలో చాలాసేపు వాదించుకున్నారు. కమిషనరు గారు ఇద్దరి వాంగ్మూలాలూ పరస్పరం బలపరచుకుంటున్నాయని నమోదు చేసి, ఇక శాస్త్రీయ పద్ధతిలో పోవడమే మంచిదన్నారు.

శాస్త్రీయ పద్ధతి అయిదో వారంలో మా షెడ్డు ముందు జరిగింది. తాతారావు బరువు అరవై రెండు కిలోలు. గోనె బస్తాలో అరవై రెండు కిలోల కొబ్బరి పొట్టు నింపి, మూతి కుట్టి, నిచ్చెన పైమెట్టు మీద పెట్టారు. ఆ గుమ్మం ఎత్తు తొమ్మిది అడుగులు. ఒక ఇంజినీరు, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, మూడు గడియారాలు. రాజుగారు కాయ కొట్టాలి, అదే సమయానికి నిచ్చెన లాగాలి, కాయ పగిలిన చప్పుడు వినిపించేసరికి బస్తా నేలకు ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో ఫోటోలో కొలవాలి. కొబ్బరికాయలు నలభై తెప్పించారు. మొదటి పదీ కుళ్లినవి వస్తే, చప్పుడు తేడాగా ఉందని లెక్కలోంచి తీసేశారు.

బస్తా తన మాదిరిగానే పడుతోందని ధ్రువీకరించడానికి తాతారావుని మంచంతో సహా మోసుకొచ్చారు. అతను ఏడెనిమిదిసార్లు తను పడటం చూశాడు. సరిగ్గా ఉందా అని ఫణిభూషణ్ అడిగితే, "నేను అరిచానండి. అది అరవట్లేదు" అన్నాడు. ఇది చాలా ముఖ్యమైన అంశమని ఇంజినీరు ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి బస్తా పడినప్పుడల్లా పక్కన నిలబడి అరవడానికి మా వాచ్‌మన్‌ని పెట్టారు. అతను మొహమాటస్తుడు, మెల్లగా అరిచేవాడు. గట్టిగా అరవమని చక్రపాణి గారు స్వయంగా అరిచి చూపించారు.

ఇరవై మూడోసారి బస్తా పిగిలిపోయింది. అందరూ కంగారు పడ్డారు గాని, భయపడవలసింది ఏమీ లేదని తర్వాత తెలిసింది. ప్రయోగ సామగ్రికి నష్టం కలిగితే ఎవరు భరించాలన్న వివాదం రాకుండా, రెండు కంపెనీలూ దూరదృష్టితో ఆ బస్తాకి మూడో కంపెనీలో బీమా చేయించాయి. మూడో కంపెనీ మనిషి మర్నాడే వచ్చి, చిరుగు కొలిచి, సంతకం తీసుకుని వెళ్లాడు. నాలుగో రోజుకి గోనె ధర, పొట్టు ధర, కుట్టు కూలితో సహా పరిహారం వచ్చేసింది. పక్కన ఒక సానుభూతి లేఖ కూడా ఉంది.

ఈ సంగతి వీరవేణికి ఎవరు చెప్పారో తెలియదు. నేనైతే చెప్పలేదు. నన్ను బజారులో ఆపి, ఆ బస్తా ముహూర్తానికే పడింది కదండీ అని అడిగింది. అవునన్నాను.

ఆరు వారాలూ దాటాయి. ఇంజినీరు నివేదిక ఎనిమిదో వారంలో వచ్చింది. నూట పది పేజీలు, అట్ట మీద బస్తా ఫోటో. మొత్తం పతన కాలం ముప్పావు సెకను. అందులో మొదటి నాలుగు అడుగుల మూడు అంగుళాలు పాత కంపెనీ హయాంలోను, తర్వాతి నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు కొత్త కంపెనీ హయాంలోను జరిగాయి. ఇది విని నేను ఊపిరి పీల్చుకున్నాను. చెరి సగం పెట్టుకుంటే పీడా పోతుంది కదా అనుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు గుమస్తాగిరీ చేసీ నాకు లోకజ్ఞానం అబ్బలేదు.

రెండు కంపెనీలూ కలిసి ముగ్గురు డాక్టర్ల సంఘం వేశాయి. బస్తా బీమా తర్వాత ఆ కంపెనీలు కలిసికట్టుగా చేసిన పని ఇదే. ఆ సంఘానికి రెండే ప్రశ్నలు. ఒకటి, ఆరోగ్యవంతుడైన నలభై మూడేళ్ల మనిషి నాలుగు అడుగుల మూడు అంగుళాల ఎత్తు నుంచి పడితే కాలు విరుగుతుందా? మామూలుగా విరగదని సంఘం చెప్పింది. రెండు, అదే మనిషి నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు నుంచి పడితే? అప్పుడూ మామూలుగా విరగదని చెప్పింది. కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు ఒకాయన విచారణ చూడటానికి వచ్చి, రెండో పతనం మొదలయ్యేటప్పటికి మనిషి ఆగి మళ్లీ బయల్దేరలేదు కదండీ అని అడిగాడు. కేసుతో సంబంధం లేని వ్యక్తి మాట్లాడరాదని ఆయన్ని బయటికి పంపించారు.

తుది విచారణకి తాతారావు స్వయంగా హాజరు కావాలని, రాని పక్షంలో దరఖాస్తు కొట్టివేయబడునని నోటీసు వచ్చింది. అప్పటికి పది వారాలైంది. అంతకు ముందు వారమే కడ్డీలు తీసేశారు. ఎముక అతుక్కుంది. డాక్టరు చెప్పినట్టే, తనకు తోచిన వంకరలో అతుక్కుంది. కుడి పాదం బయటికి తిరిగిపోయి, కాలు అంగుళమున్నర పొట్టిదైంది. ఇప్పుడు ప్లేటు వేయాలంటే మళ్లీ విరగ్గొట్టాలి. ఆ విరగ్గొట్టడం ఏ కంపెనీ కిందికి వస్తుందో ముందుగా తెలియజేయగలరని ఆసుపత్రి వాళ్లు రాసిన ఉత్తరానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు.

కమిషనరు గారి ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గాని దాని తలుపు మీద, నిర్వహణ బాధ్యత వివాదములో ఉన్నది, అని కాగితం అంటించి ఉంది. పైకి ముప్పై రెండు మెట్లు. ఒకప్పుడు ఇంతకు నాలుగింతలు ఎత్తున్న చెట్టు నిమిషంలో ఎక్కిన మనిషి, ఆ మెట్లు ఎక్కడానికి అరగంట తీసుకున్నాడు. ఒక చెయ్యి వీరవేణి భుజం మీద, ఒక చెయ్యి నా భుజం మీద. ఎనిమిదో మెట్టు దగ్గర చొక్కా తడిసిపోయింది. పదిహేనో మెట్టు దగ్గర కూర్చుండిపోయాడు. పై నుంచి బంట్రోతు రెండుసార్లు పేరు పిలిచాడు. మూడోసారి పిలిస్తే కేసు పోతుందని, పళ్లు బిగబట్టి లేచాడు. గుమ్మం దగ్గర మా ఇద్దరినీ ఆపేశారు. దరఖాస్తుదారు ఒక్కడే లోపలికి వెళ్లాలట. తలుపు నుంచి బల్ల దాకా పది అడుగులు గోడ పట్టుకుని వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మిగతాది మేము చూశాం.

చక్రపాణి గారు ఇటు, ఫణిభూషణ్ అటు కూర్చున్నారు. కమిషనరు గారు కళ్లద్దాలు సర్దుకుని, పైకి ఎలా వచ్చావని ఆప్యాయంగా అడిగారు.

"మెట్లెక్కి వచ్చానండి."

"లిఫ్టులో కాదా?"

"అది పనిచెయ్యట్లేదండి. నడిచే వచ్చేను."

ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకేసారి కలాలు తీశారు. అంతవరకు ప్రతి అంగుళానికీ కొట్టుకున్న రెండు కంపెనీల ప్లీడర్లూ ఒకరి కాగితంలోకి ఒకరు చూసి రాసుకున్నారు. కమిషనరు గారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి టైపు చేయించారు. దరఖాస్తుదారుడు రెండు పతనములకు గురైనట్లు రుజువైనది. రెండింటిలో ఏ ఒక్కటియు కాలు విరుచునంతటిది కాదని నిపుణులు తేల్చియున్నారు. దరఖాస్తుదారుడు ముప్పై రెండు మెట్లు ఎక్కి స్వయముగా నడచి వచ్చినట్లు అంగీకరించియున్నాడు. కనుక అంగవైకల్యము లేదు, పరిహారము లేదు. అంబులెన్సు కిరాయి పద్దెనిమిది వందల విషయమై పాత కంపెనీ, కొత్త కంపెనీల మధ్య విచారణ విడిగా కొనసాగును.

తాతారావు వేలిముద్ర వేశాడు. చక్రపాణి గారు లేచి, త్వరగా కోలుకున్నందుకు సంతోషమని చెప్పారు. ఈసారి నిజంగా సంతోషించినట్టే ఉన్నారు.

బయటికి వచ్చాం. మెట్ల పైన నిలబడి తాతారావు కిందికి చూశాడు. ఎక్కడం కన్నా దిగడం కష్టమని అప్పుడు తెలిసింది. వంకర కాలు మెట్టు మీద ఆనడం లేదు. వీరవేణి ముందుకు దిగి నిలబడింది, పడితే తన మీద పడాలని. నేను చంక కింద చెయ్యి వేసి పట్టుకోబోయాను. తాతారావు నా చెయ్యి మెల్లగా తీసేశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు. నాకు పని గుర్తు చేస్తున్నట్టే అన్నాడు.

"మీరు పట్టుకోకండి గుమస్తా గారూ. నేను పడితే టైము ఎవరు రాస్తారండి?"

చెయ్యి మళ్లీ వేసి గట్టిగా పట్టుకున్నాను. ఈసారి తియ్యలేదు. అతని బరువంతా నా మీద పడింది. అరవై రెండు కిలోలు ఉండడు, బాగా తగ్గిపోయాడు. ఒక్కో మెట్టు మీదా ఆగుతూ ముగ్గురం కిందికి దిగాం. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు.